సూర్యుడు దిగాక కరెంటు ఎక్కడిది?

2024 ఆగస్టు 5న పాల్వంచలో ఎనిమిది కూలింగ్ టవర్లను పేల్చి కూల్చేశారు. కొత్తగూడెం థర్మల్ కేంద్రం పాత ప్లాంటు టవర్లవి. దశాబ్దాల పాటు ఆ ఊరికి గుర్తు అవే. దూరం నుంచి టవర్లు కనిపిస్తే పాల్వంచ వచ్చేసినట్టే. అంతటి కట్టడాలు కొన్ని సెకన్లలో ఒరిగిపోయి దుమ్ములో కలిసిపోయాయి. ఆ వీడియోలు చూసినవాళ్లకు బొగ్గు కాలం చెల్లిపోయిందనిపిస్తే తప్పు లేదు. కానీ ఆ పక్కనే 2018 నుంచి 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ నడుస్తోంది. పోయిన పాత ప్లాంటు మొత్తం కలిపినా 720 మెగావాట్లే. టవర్లు పోయాయి, బొగ్గు పోలేదు.

దేశం మొత్తం మీద కూడా ఇదే పరిస్థితి. 2025 జూలై నాటికి దేశంలోని విద్యుత్ కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటి శిలాజ ఇంధనాలతో సంబంధం లేనిదేనని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. 2030 నాటికి చేరతామని ప్రపంచానికి ఇచ్చిన మాటను ఐదేళ్లు ముందే నిలబెట్టుకున్నాం. ఇది చిన్న విజయం కాదు. 2014లో దేశమంతా కలిపి సౌర విద్యుత్ సామర్థ్యం మూడు గిగావాట్లు, అంటే మూడు వేల మెగావాట్లు కూడా లేదు, ఇప్పుడది వంద గిగావాట్లు దాటింది. అయినా 2024-25లో దేశంలో వాడిన ప్రతి నాలుగు యూనిట్లలో దాదాపు మూడు బొగ్గు నుంచి వచ్చినవే. అదే ఏడాది దేశంలో బొగ్గు ఉత్పత్తి మొదటిసారి వంద కోట్ల టన్నులు దాటింది.

ఈ రెండు మాటలూ నిజమే. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తున్నారని చెప్పడం వేరు, ఎవరు నెలకు ఎన్ని రోజులు పనికి వెళ్తున్నారో చెప్పడం వేరు. మెగావాట్ అనేది ప్లాంటుకు ఉన్న సత్తా. యూనిట్ అనేది అది నిజంగా చేసిన పని. సౌర ప్లాంటుకు రాత్రి పని లేదు, మబ్బు పడితే సగం పనే. ఏడాది మొత్తం లెక్కేస్తే దాని సత్తాలో నాలుగో వంతు కూడా వాడుకలోకి రావడం కష్టం. బొగ్గు ప్లాంటు అంతకు మూడింతలు పనిచేయగలదు. అందుకే ఒక మెగావాట్ బొగ్గు స్థానంలో ఒక మెగావాట్ సౌర ఫలకాలు పెడితే లెక్క సరిపోదు, మూడు పెట్టాలి. మూడు పెట్టినా అవి ఇచ్చే కరెంటంతా పగలే వస్తుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ధనిక దేశాల్లో కరెంటు వాడకం ఎప్పుడో ఒక స్థాయికి చేరి ఆగింది. అక్కడ కొత్త సౌర ప్లాంటు పెడితే అంత మేర బొగ్గు తగ్గుతుంది. భారత్‌లో తలసరి వాడకం ఏడాదికి 1,400 యూనిట్ల దగ్గరే ఉంది, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. మొన్నటిదాకా ఫ్యాన్ మాత్రమే ఉన్న ఇంట్లోకి కూలర్ వస్తోంది, కూలర్ ఉన్న ఇంట్లోకి ఏసీ వస్తోంది. 2024 మే 30న దేశంలో పీక్ డిమాండ్ 250 గిగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది. ఏటా పెరిగే ఈ వాడకాన్ని ముందు తీర్చాలి, ఆ తర్వాతే ఉన్న బొగ్గు తగ్గుతుంది. ఉక్కపోతలో పిల్లల్ని పడుకోబెట్టడానికి ఏసీ కొనుక్కున్న కుటుంబాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాళ్లకు కావాల్సిన కరెంటును పొగ లేకుండా ఎలా ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న.

గని, శకునాల నుంచి

ధర సంగతి త్వరగా తేల్చేయొచ్చు, ఎందుకంటే ఆ పోటీలో సూర్యుడు ఎప్పుడో గెలిచాడు. జాతీయ సోలార్ మిషన్ మొదలైన 2010లో కంపెనీలు వేసిన బిడ్లు యూనిట్‌కు 11, 12 రూపాయల దగ్గర ఉండేవి. 2015 నవంబరులో కర్నూలు సోలార్ పార్కు కోసం జరిగిన వేలంలో సన్ ఎడిసన్ అనే అమెరికా కంపెనీ రూ.4.63కే ఇస్తానంటే దేశమంతా ఆశ్చర్యపోయింది. మరుసటి ఏడాదే ఆ కంపెనీ దివాలా తీసింది. ఇంత తక్కువ ధరకు ఎవరైనా ఇవ్వగలరా అన్న అనుమానాలు బలపడ్డాయి. కానీ హైదరాబాద్‌కు చెందిన గ్రీన్‌కో ఆ ప్రాజెక్టును తీసుకుని పూర్తి చేసింది. గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో పరుచుకున్న ఆ వెయ్యి మెగావాట్ల పార్కు 2017లో పూర్తయ్యేనాటికి ఒకేచోట ఉన్నవాటిలో ప్రపంచంలోకెల్లా పెద్దది. అదే ఏడాది రాజస్థాన్‌లోని భడ్లాలో ధర రూ.2.44కు దిగింది. 2020 చివర్లో గుజరాత్ వేలంలో రెండు రూపాయల లోపుకు, రూ.1.99కి వచ్చింది. కొత్త బొగ్గు ప్లాంటు ఏదీ ఆ ధరకు ఇవ్వలేదు.

అయితే ఈ ధర వెనక ఉన్న కిటుకు అర్థం కాకపోతే ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జరిగింది అర్థం కాదు. బొగ్గు ప్లాంటు ఖర్చులో పెద్ద భాగం రోజూ కాల్చే బొగ్గుది. సౌర ప్లాంటుకు ఇంధనం ఖర్చు లేదు, ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి. అంటే అప్పు తేవాలి. ఆ అప్పు వడ్డీని బట్టే యూనిట్ ధర ఉంటుంది. కరెంటు కొని ఇళ్లకు పంపిణీ చేసే సంస్థ, అంటే డిస్కం, ఇరవై ఐదేళ్ల పాటు డబ్బు కడుతుందన్న నమ్మకం బ్యాంకుకు ఉంటే వడ్డీ తగ్గుతుంది, లేకపోతే పెరుగుతుంది. ఒకే ఎండ, ఒకే ఫలకం, అయినా వడ్డీ తేడాతో ధర మారిపోతుంది. పేద దేశాలు పునరుత్పాదక విద్యుత్‌కు ఎక్కువ చెల్లించాల్సి రావడానికి ఎండ తక్కువై కాదు, అప్పు ఖరీదై.

2019 జూలైలో కొత్తగా వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర ఒప్పందాలను తిరగదోడాలని నిర్ణయించింది. పవన విద్యుత్‌కు యూనిట్‌కు రూ.4.84 దాకా కడుతున్నామని, మార్కెట్లో అది రూ.2.43కే దొరుకుతోందని ప్రభుత్వం వాదించింది. ఖజానా కోణంలో చూస్తే ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ ప్లాంట్లు కట్టిన నాటి ధర అది. సంతకం పెట్టిన ధరను ఐదేళ్ల తర్వాతి ధరతో పోల్చి మార్చమంటే, ఇకపై ఆ రాష్ట్రంతో సంతకం పెట్టే ప్రతివాడూ ఆ భయాన్ని కూడా ధరలో కలుపుతాడు. విషయం హైకోర్టుకు వెళ్లింది. 2022 మార్చిలో ఒప్పందంలోని ధరలే చెల్లించాలని కోర్టు తీర్పు ఇచ్చింది. మూడేళ్లు నలిగిన బకాయిలు, ఆగిన పెట్టుబడులు మాత్రం వెనక్కి రాలేదు. తర్వాతి ఒప్పందాలు జాగ్రత్తగా రాసుకోవడం ప్రభుత్వాల హక్కు, బాధ్యత కూడా. పాతవాటిని చెరిపేయడం మాత్రం చివరికి వినియోగదారుడి బిల్లు మీదే పడుతుంది.

సాయంత్రం ఏడు గంటలు

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఏం జరుగుతుంది? అన్ని గదుల్లో లైట్లు వెలుగుతాయి. వంటింట్లో మిక్సీ తిరుగుతుంది, హాల్లో టీవీ మోగుతుంది, ఎండాకాలమైతే ఏసీ కూడా నడుస్తుంది. బయట దుకాణాలు ఇంకా కట్టేయలేదు. సరిగ్గా ఆ సమయానికే సౌర విద్యుత్ సున్నా. మధ్యాహ్నం పన్నెండింటికి పొంగిపొర్లిన కరెంటు ఆరింటికల్లా మాయమవుతుంది. గ్రిడ్ నడిపేవాళ్లకు రోజూ ఇదే టెన్షన్.

అలాంటప్పుడు బొగ్గు ప్లాంట్లను పగలు ఆపేసి సాయంత్రం వేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. బాయిలర్ అంటే ఇంట్లో గ్యాస్ పొయ్యి కాదు. చల్లారిన ప్లాంటును మళ్లీ వేడెక్కించి పూర్తి లోడుకు తేవాలంటే గంటల కొద్దీ పడుతుంది. మాటిమాటికీ అలా చేస్తే పైపులు, టర్బైన్లు త్వరగా పాడవుతాయి. అందుకని పగలు అవసరం లేకపోయినా వాటిని దాదాపు 55 శాతం లోడు దగ్గర నడుపుతూ ఉంచుతారు, సాయంత్రానికి పెంచుతారు. దీన్ని 40 శాతానికి దించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ పట్టుబడుతోంది. అంటే మధ్యాహ్నం బొగ్గు పూర్తిగా పక్కకు జరగదు, సౌర విద్యుత్‌కు పూర్తిగా చోటు దొరకదు. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో ధర మధ్యాహ్నం అట్టడుగుకు పడిపోయి, అదే రోజు రాత్రి గరిష్ఠ పరిమితి అయిన పది రూపాయలను తాకడం అందుకే. ఈ రెండు ధరల మధ్య తేడా చూస్తే చాలు, దేశానికి ఇప్పుడు కావాల్సింది ఇంకో సోలార్ పార్కు కంటే ముందు కరెంటును దాచుకునే ఏర్పాటు అని తెలిసిపోతుంది.

దాచుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. నాగార్జున సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఏడు టర్బైన్లు రెండు వైపులా తిరగగలవు. నీళ్లు పై నుంచి కిందికి దూకితే కరెంటు ఇస్తాయి. గ్రిడ్‌లో కరెంటు మిగిలినప్పుడు అవే పంపులుగా మారి కింది నీళ్లను మళ్లీ రిజర్వాయర్లోకి ఎత్తిపోస్తాయి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లూ ఇలాంటివే. నాలుగు యూనిట్ల కరెంటు పెట్టి నీళ్లు ఎక్కిస్తే సుమారు మూడు యూనిట్లు తిరిగొస్తాయి. ఒకటి పోతుంది, కానీ మధ్యాహ్నం ఎవరికీ అక్కర్లేని నాలుగుకు బదులు రాత్రి అందరికీ కావాల్సిన మూడు వస్తాయి. ఇంతకంటే మంచి బేరం ఏముంటుంది! సౌర విద్యుత్ ఊహలో కూడా లేని రోజుల్లో కట్టిన ఈ యంత్రాలు నేటి అవసరానికే పుట్టినట్టున్నాయి. అయితే సాగర్‌లో నీళ్లు వెనక్కి తోడాలంటే డ్యాం దిగువన నీళ్లు ఆపే టెయిల్‌పాండ్‌లో నీళ్లు నిలిచి ఉండాలి. టెయిల్‌పాండ్ ఆంధ్రప్రదేశ్ చేతిలో ఉంది, విద్యుత్ కేంద్రం తెలంగాణ చేతిలో ఉంది. కృష్ణా నీళ్ల మీద రెండు రాష్ట్రాల గొడవ కరెంటు లెక్కలోకి కూడా వచ్చి కూర్చుంటుంది.

నదితో పని లేకుండా, ఒకసారి నింపుకున్న నీళ్లనే రెండు చెరువుల మధ్య పైకీ కిందికీ తిప్పే పద్ధతి కూడా ఉంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టును ఈ పద్ధతిలోనే చేపట్టారు. రాయలసీమ కొండలు, పక్కనే ఎండ, గాలి, అన్నీ ఒకేచోట ఉండటం దాని బలం. సీమలో గాలి వానాకాలంలో, అదీ సాయంత్రాలు, రాత్రుళ్లు బాగా వీస్తుంది. మబ్బులతో సౌర ఫలకాలు నీరసించే నెలల్లో గాలిమరలు తోడు నిలుస్తాయి.

ఇక బ్యాటరీల ధర పడిపోతున్న వేగం ఎవరూ ఊహించనిది. 2022లో కేంద్ర సంస్థ సెకి పిలిచిన టెండరులో బ్యాటరీ అద్దె మెగావాట్‌కు నెలకు పదిన్నర లక్షల రూపాయలు దాటింది. రెండేళ్లు దాటేసరికి, ప్రభుత్వ సాయం కూడా తోడైన కొన్ని టెండర్లలో అది రెండున్నర లక్షల లోపుకు వచ్చింది. ఇంత వేగంగా ధర పడుతున్న వస్తువు పక్కన పెట్టుకుని, నలభై ఏళ్లు నడవాల్సిన కొత్త బొగ్గు ప్లాంటుకు ఇప్పుడు శంకుస్థాపన చేయడం అప్పు చేసి నష్టం కొనుక్కోవడమే. 2032 నాటికి మరో 80 గిగావాట్ల బొగ్గు సామర్థ్యం కావాలని కేంద్రం 2023లో ప్రకటించింది. ఆ లెక్క వేసిన నాటి బ్యాటరీ ధర వేరు, నేటి ధర వేరు. లెక్క మళ్లీ వేయాలి.

రైతు మోటారు

కరెంటును దాచుకోవడం ఒక దారి. వాడకాన్నే పగటికి జరపడం ఇంకో దారి, అది ఇంకా చవక. దీనికి తెలుగు పల్లెల కంటే మంచి ఉదాహరణ లేదు.

వ్యవసాయానికి రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజులు చాలామందికి గుర్తే. అర్ధరాత్రి కరెంటు వచ్చిందని తెలిస్తే టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి, తడి చేతుల్తో స్టార్టర్ నొక్కాలి. పాము కాటుకు, షాక్‌కు పోయిన ప్రాణాలెన్నో. నిద్ర పాడుచేసుకోలేనివాళ్లు ఆటో స్టార్టర్ బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగి, మడి నిండినా ఆగకుండా నీళ్లు పారేది. తెలంగాణ 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల్ని బతిమాలాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పగటిపూట తొమ్మిది గంటలు అన్న పద్ధతికి మారింది. రైతు క్షేమం కోసం వచ్చిన ఆ నిర్ణయం సౌర విద్యుత్‌కు కూడా సరిగ్గా సరిపోయింది. రెండు రాష్ట్రాల వాడకంలో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉండే ఈ లోడు ఎండ ఉన్నప్పుడే తిరిగితే, దానికి బ్యాటరీ అక్కర్లేదు, నీళ్లు ఎత్తిపోయక్కర్లేదు. వ్యవసాయ ఫీడర్ పక్కనే చిన్న సోలార్ ప్లాంటు పెడితే దూరం నుంచి లైను కూడా లాగక్కర్లేదు. మహారాష్ట్ర ఈ పనిని పెద్ద ఎత్తున చేస్తోంది.

ఇళ్లకు, పరిశ్రమలకు కూడా ఇదే సూత్రం వర్తించాలని 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. ఎండ ఉన్న వేళల్లో ధర తక్కువ, రాత్రి పీక్‌లో ఎక్కువ. దీనికి స్మార్ట్ మీటర్లు కావాలి. మీటరు మారిస్తే బిల్లు పెరుగుతుందన్న భయం జనంలో ఉంది. మధ్యాహ్నం మోటారు వేసుకుంటే, బట్టల మెషీన్ తిప్పితే ఎంత తగ్గుతుందో బిల్లులో కళ్లకు కనబడేలా చూపించనంత కాలం ఆ భయం పోదు.

లైన్ల సంగతి కూడా చెప్పుకోవాలి. సౌర పార్కు ఏడాదిన్నరలో లేస్తుంది, దాని కరెంటును మోసే పెద్ద లైనుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. రాజస్థాన్‌లో ఇలాగే తయారైన ప్లాంట్లు లైన్ల కోసం ఎదురుచూశాయి. అక్కడ బట్టమేక పిట్ట వైర్లకు తగిలి చనిపోతోందని సుప్రీంకోర్టు 2021లో లైన్లను భూగర్భంలో వేయమంది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది. మన రాయలసీమలోని రోళ్లపాడులో ఒకప్పుడు అభయారణ్యం పెట్టి మరీ కాపాడుకున్న పిట్ట అది. పచ్చ కరెంటు కోసం ఉన్న పచ్చదనాన్ని పోగొట్టుకోకూడదన్నది పట్టించుకోవాల్సిన మాటే.

బొగ్గుట్ట బిడ్డలు

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బుతో, యంత్రాలతో తీరే సమస్యలు. చివరిది అలా తీరదు.

ఎండ, గాలి దేశంలో పడమరన, దక్షిణాన ఎక్కువ. బొగ్గు జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో, గోదావరి తీరంలోని సింగరేణిలో ఉంది. రైల్వే మోసే సరుకులో దాదాపు సగం బొగ్గే, ఆ కిరాయితోనే మామూలు ప్రయాణికుడి టికెట్ చవగ్గా ఉంటోంది. రాష్ట్రాలకు రాయల్టీ వస్తుంది. బొగ్గు తగ్గితే ఈ డబ్బంతా ఎక్కడి నుంచి తేవాలి? పైగా సౌర ప్లాంటు కట్టేటప్పుడే పని ఉంటుంది, కట్టాక కొద్దిమంది చాలు. గోదావరిఖనిలో పోయిన ఉద్యోగం నంద్యాలలో వచ్చినా అది గోదావరిఖని కుటుంబానికి అన్నం పెట్టదు.

ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు జాడ కనిపించింది. ఆ తర్వాత గోదావరి పొడవునా ఊళ్లకు ఊళ్లు బొగ్గు మీదే లేచాయి. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష మందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు పర్మినెంట్ ఉద్యోగులు నలభై వేల దగ్గరున్నారు, కాంట్రాక్టు కార్మికులు వేలల్లో ఉన్నారు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్ కాస్టులు, యంత్రాలు రావడమే దానికి కారణం. సౌర ఫలకం రాకముందే ఉద్యోగాలు కరిగాయన్నమాట. అయినా దసరా ముందు కంపెనీ ఎంత శాతం లాభాల వాటా ప్రకటిస్తుందా అని ఆ పట్టణాలన్నీ ఎదురుచూస్తాయి. బట్టల కొట్టు నుంచి బంగారం కొట్టు దాకా ఆ డబ్బుతోనే కళ. తండ్రి ఉద్యోగం కొడుక్కి వస్తుందన్న ఆశ మీద ఇంకా ఎన్నో ఇళ్లు నిలబడి ఉన్నాయి.

బొగ్గు పోతే ఊరు ఏమవుతుందో బెల్లంపల్లిని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కార్మికులు బదిలీల మీద శ్రీరాంపూర్‌కో మణుగూరుకో వెళ్లిపోయారు, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, బేరాలు తగ్గాయి. కనీసం వాళ్లకు బదిలీ అయ్యేందుకు ఇంకో గని ఉంది. మొత్తం బొగ్గే పోతే బదిలీకి చోటుండదు. దక్షిణాఫ్రికాలో కొమాటి అనే పాత బొగ్గు కేంద్రాన్ని 2022 అక్టోబరులో మూసేశారు. ప్రపంచ బ్యాంకు డబ్బు ఇచ్చింది, సౌర విద్యుత్, బ్యాటరీలు, శిక్షణ అని ప్రణాళిక వేశారు. మూత ముందు పడింది, కొత్త పనులు తర్వాత నెమ్మదిగా వచ్చాయి. పర్మినెంట్ ఉద్యోగులకు వేరేచోట పని దొరికినా కాంట్రాక్టు కార్మికులు, చుట్టుపక్కల చిన్న వ్యాపారులు రోడ్డున పడ్డారు. వరుస తారుమారైతే జరిగేది అదే.

ఈ పని కోసం మన దగ్గర డబ్బు లేదనడం కుదరదు. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేశారు, స్వచ్ఛ విద్యుత్ కోసమని చెప్పారు. 2016కల్లా అది 400 అయింది. 2017లో జీఎస్టీ రాగానే ఆ డబ్బును రాష్ట్రాల నష్టపరిహారానికి మళ్లించారు. బొగ్గు తవ్విన ఊరి పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ములో ఆ ఊరికి కొత్త బతుకు చూపించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఇది సరిదిద్దుకోవాల్సిన తప్పు. ఏ గనిలో బొగ్గు ఎన్నాళ్లుంటుందో కంపెనీకి తెలుసు. ఆ తేదీలు ఆ ఊరివాళ్లకు కూడా తెలియాలి, ఐటీఐల్లో ఏ కోర్సు పెట్టాలో ఆ తేదీలను చూసి తేల్చాలి, కాంట్రాక్టు కార్మికుడి పేరు కూడా ఆ లెక్కలో ఉండాలి.

సింగరేణి ఇప్పటికే ఖాళీ స్థలాల్లో సోలార్ ప్లాంట్లు పెట్టింది. రామగుండంలో ఎన్టీపీసీ బొగ్గు ప్లాంటును చల్లబరచడానికి కట్టిన రిజర్వాయర్ మీదే, 500 ఎకరాల మేర, వంద మెగావాట్ల సౌర ఫలకాలు తేలుతున్నాయి. 2022 జూలైలో పూర్తిగా పనిలోకి వచ్చినప్పుడు దేశంలో నీళ్ల మీద తేలేవాటిలో అదే పెద్దది. కింద నీళ్లుండటంతో ఫలకం చల్లగా ఉండి కాస్త ఎక్కువ కరెంటు ఇస్తుంది, పైన ఫలకం ఉండటంతో నీళ్లు తక్కువ ఆవిరవుతాయి. దాని వెనక నిలబడ్డ చిమ్నీల సామర్థ్యం 2,600 మెగావాట్లు. పొద్దు వాలాక ఫలకాలు ఆగిపోతాయి, బాయిలర్ల లోడు పెరుగుతుంది. ఆ వేళకు గోదావరిఖనిలో రెండో షిఫ్టు వాళ్లు ఇంకా గనిలోనే ఉంటారు.